పళ్ళు పీకేలోపు ఒక పాట

మా మామయ్యగారికి పై వరసలో ముందు పళ్ళు నాలుగూ పీకెయ్యాలని పళ్ళ డాక్టరమ్మ తేల్చి చెప్పిన రోజు సాయంత్రమే, ఆయన మీద డాక్యుమెంటరీ తీస్తానంటూ ఆయన మేనల్లుడు మా ఇంటికొచ్చాడు. రెండు కబుర్లూ ఒకేసారి విన్న మా అత్తయ్యగారు చేతిలో ఉన్న ఆరిన బట్టలు మంచం మీద పడేసి, "ముందు ఏది జరుగుతుంది, అది చెప్పండి" అన్నారు. ఆ పూట ఆ గదిలో ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటేనని నాకు పది రోజుల తర్వాత గాని అర్థం కాలేదు.

మామయ్యగారు ఊరేగింపు బ్యాండులో క్లారినెట్ వాయిస్తారు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వాయిస్తున్నారు. దాని కొసను కింది పెదవి మీద ఆనించి, పైనుంచి ముందు పళ్ళతో అదిమి పట్టుకుంటే గాని అది పలకదు. ఇప్పుడు ఆ పళ్ళే కదులుతున్నాయి, చిగుళ్ళ కింద చీము చేరింది. "కట్టుడు పళ్ళతో వాయించేవాళ్ళు లేకపోలేదండీ" అని డాక్టరమ్మ ఓదార్చింది. "కాకపోతే మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి. ఇప్పటి శబ్దమే వస్తుందని మాత్రం నేను మాటివ్వలేను." మామయ్యగారు ఆవిడ కాళ్ళ వైపే చూస్తూ అంతా విని, "మీరు ఆరో నంబరు వేసుకుంటున్నారు, మీది ఏడు. అందుకే సాయంత్రానికి వేళ్ళు పీకుతాయి" అని చెప్పి లేచారు. పీకే తేదీ నేను రాసుకున్నాను. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం, పొద్దున పదింటికి.

ఈ కాళ్ళ గొడవేమిటంటే, బ్యాండు ఆయనకి అన్నం పెట్టే పని కాదు. పగలంతా చెప్పుల దుకాణంలో పని. వచ్చినవాళ్ళ ముందు పీట వేసుకు కూర్చుని, పాదం కొలిచి, అట్టపెట్టెలు తెరిచి మూసి, ముప్ఫై ఏళ్ళు గడిపేశారు. మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టడం ఆయనకి రాదు. నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా, "ఐదో నంబరు, పాదం కాస్త వెడల్పు" అన్నారు. నేను ఏమీ అనలేదు, మర్యాదస్తురాల్ని కాబట్టి. తర్వాత మా ఆయన్ని అన్నాను. ఇప్పటికీ మేం లేనప్పుడు ఎవరైనా వచ్చి వెళ్తే ఎవరొచ్చారో తెలుసుకోవడం మా తరం కాదు. "ఎనిమిదో నంబరు, ఎడమ మడమ అరిగిపోయింది" అంటారు. ఆ ఎనిమిదో నంబరు ఎవరా అని మేం ఇంటిల్లిపాదీ జుట్టు పీక్కోవాలి.

ఇక మేనల్లుడు. సినిమా తియ్యడం నేర్పే ఆరు నెలల కోర్సు ఒకటి చేసొచ్చాడు. అందులో రెండు నెలలు సెలవులే. వచ్చిన దగ్గర్నుంచి అతన్ని ఇంట్లో అందరం డైరెక్టరు అనే పిలుస్తున్నాం. మొదట ఎగతాళికి మొదలెట్టాం, అతను నిజమే అనుకున్నాడు. ఊళ్ళో ఒక కళాసంఘం వాళ్ళు చిన్న డాక్యుమెంటరీల పోటీ పెట్టారట, అరగంట మించకూడదట. "మావయ్య లాంటి మట్టిలో మాణిక్యం మనింట్లోనే ఉండగా బయట వెతకడం ఎందుకక్కా?" అన్నాడు నాతో. మాణిక్యం అప్పుడు వేణ్ణీళ్ళతో నోరు పుక్కిలిస్తోంది.

అత్తయ్యగారు డైరెక్టరుకి ఒక్కటే మాట చెప్పారు. "చూడు నాయనా, నువ్వేం తీస్తావో నాకు తెలీదు. ఆయన పళ్ళుండగానే ఒక్క పాట, మొదట్నుంచి చివరి దాకా, తీసి పెట్టు. తర్వాత విందామన్నా ఉండదు."

"అయ్యో అత్తా, అదీ ఒక పనేనా! అది ఎప్పుడైనా తీసెయ్యొచ్చు" అన్నాడు డైరెక్టరు. ఆ 'ఎప్పుడైనా' అన్న మాటను నేను ఆ రోజే పట్టుకోవలసింది. పట్టుకోలేదు. ఎందుకంటే ఎడిటింగ్ పని నాది, నా బుర్ర అప్పటికే వేరే వైపు పరిగెడుతోంది.

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. ముందు గదిలో కిటికీ పక్కన నా కంప్యూటరు, దాని వెనక ఏ పెళ్ళి ఎవరిదో రాసిన డబ్బాలు. ఈ పనిలో నాకు తెలిసిన సూత్రం ఒక్కటే. ఎవరి ముఖమైనా మూడు సెకన్లు, అంతకు మించి కాదు, కానీ ఏ ముఖమూ తప్పిపోకూడదు. పెళ్ళికూతురు ఒక నిమిషం తగ్గినా ఎవరూ అడగరు. పెళ్ళికొడుకు మేనమామ కనబడకపోతే మాత్రం ఆయన భార్య ఫోన్ చేస్తుంది. తర్వాత ఆయన చేస్తాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఇంటికే వస్తారు. పదకొండేళ్ళు ఇలా చేశాక, ఏ ముఖం చూసినా నా లోపల ఒకటి, రెండు, మూడు అని లెక్క మొదలవుతుంది. మూడో అంకె పడగానే కట్ నొక్కడానికి చూపుడు వేలు దానంతటదే కదులుతుంది. నిద్రలో కూడా కదులుతుందని మా ఆయన అంటారు.

డైరెక్టరు మా గోడకి ఒక అట్ట అంటించాడు. మంచి సంగీత డాక్యుమెంటరీకి కావలసిన వస్తువులట. కష్టాలు, కన్నీళ్ళు, కిటికీ, వాన, పండితుడు, పాత ఫొటో. అట్ట కింద వరకూ చదివాను. "ఇందులో సంగీతం లేదేం?" అన్నాను. "అది ఎలాగూ ఉంటుంది కదక్కా" అన్నాడు జాలిగా నా వైపు చూసి. ఆరు నెలలు చదివినవాడి ముందు నాకెందుకులే అని నోరు మూసుకున్నాను.

మొదటి రోజు కష్టాలు తీశారు. మామయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ముఖం సగం చీకట్లో పడేలా దీపం పెట్టి, డైరెక్టరు గొంతు బాగా తగ్గించి అడిగాడు. "మావయ్యా, నీ సంగీత జీవితంలో పెద్ద విషాదం ఏమిటి?"

మామయ్యగారు చాలాసేపు ఆలోచించారు. డైరెక్టరు కెమెరాని మెల్లగా ముందుకు జరిపాడు.

"వానాకాలం" అన్నారు మామయ్యగారు. "రీడు ఉబ్బుతుంది. నోటి దగ్గర పెట్టేది వెదురు బద్ద కదా."

"అది కాదు మావయ్యా. ఆకలి, అవమానం, అలాంటివి."

"ఆకలేస్తే బ్యాండు మాస్టరు తినడానికి పెట్టేవాడురా. మంచివాడు."

"పోనీ, నీకు స్ఫూర్తి ఎవరు?"

"పాలాయన."

"పాలాయన కూడా సంగీతం వాయించేవాడా?"

"లేదు. బ్యాండులో క్లారినెట్ మనిషి మానేశాడు, ఖాళీ ఉంది, వెళ్ళు అని చెప్పింది ఆయనే."

డైరెక్టరు దీపం ఆర్పేశాడు. ఆ రోజుకి కష్టాలు దొరకలేదు.

రెండో రోజు కిటికీ. గొప్ప కళాకారులందరూ కిటికీలోంచి దూరంగా చూస్తారట, గతం గుర్తొస్తుందట. మా కిటికీకి ఎదురుగా దూరం లేదు, పక్కింటావిడ పెరడు ఉంది. పావుగంట సేపు మామయ్యగారు తదేకంగా అటే చూశారు. ఆవిడ బట్టలు ఆరేస్తూ రెండుసార్లు చూసి, మూడోసారి మా తలుపు కొట్టింది. ఆవిడకి సర్దిచెప్పేసరికి మా అత్తయ్యగారి తలప్రాణం తోకకొచ్చింది. ఆవిడ వెళ్ళాక మామయ్యగారు, "ఏడో నంబరు, బొటనవేలి దగ్గర కుట్టు ఊడింది" అన్నారు. గతం గుర్తొచ్చినట్టు మాత్రం లేదు.

మూడో రోజు పండితుడు. ఆయన సంగీత కళాశాలలో ప్రొఫెసరు, పుస్తకాల బీరువా ముందు తప్ప మాట్లాడడు. మామయ్యగారు వాయించడం ఆయన ఎప్పుడూ వినలేదు. వినాల్సిన అవసరం కూడా లేదన్నాడు, ఆ సంప్రదాయం మొత్తం తనకి తెలుసట. యాభై నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాడు, అందులో నలభై తన గురించే. మధ్యలో మూడుసార్లు మామయ్యగారి పేరు అడిగి, మూడుసార్లూ తప్పే పలికాడు. ఆ యాభై నిమిషాలూ మామయ్యగారు బుద్ధిగా తల వంచుకుని కూర్చున్నారు. పెద్దాయన వినయం చూశారా అని డైరెక్టరు పొంగిపోయాడు. బయటికొచ్చాక తెలిసింది. "పాపం, ఆయన రెండు కాళ్ళకీ రెండు వేరే జతలు వేసుకొచ్చాడమ్మా. ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను" అన్నారు మామయ్యగారు నాతో.

ఇలా ఎనిమిది రోజులు గడిచాయి. రైలు కట్ట మీద నడిపించారు. వాన రాకపోతే మేడ మీద నుంచి నేనే గొట్టంతో నీళ్ళు చల్లాను. వాన పడినంతసేపూ ఆయన రీడు తీసి జేబులో దాచుకున్నారు. బ్యాండు వాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి మాట్లాడించారు. పెద్ద డ్రమ్ము వాయించే ఆయన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు. బ్యాండు మాస్టరు, "మా క్లారినెట్ ఆయనంత మంచి మనిషి లేడండీ, ఈల వెయ్యగానే ఆపుతాడు, మళ్ళీ వెయ్యగానే మొదలెడతాడు" అన్నాడు. అంతకు మించి పొగడటం అతనికి చేతకాలేదు.

వాయించలేదా అంటే, వాయించారు. రోజూ వాయించారు. కానీ పది సెకన్లు గడిచేసరికి డైరెక్టరు "కట్!" అనేవాడు. మావయ్యా, బుగ్గలు మరీ పొంగుతున్నాయి. కట్! వంటింట్లో కుక్కరు. కట్! ఎండ మబ్బులోకి వెళ్ళింది. కట్! చాలా బాగుంది, ఇప్పుడు అదే పక్కనుంచి. ఆ మాట వినగానే మామయ్యగారు ఎంత ఠక్కున ఆపేవారంటే, సగం తెగిన అక్షరం గాల్లో మిగిలిపోయేది. ఒక్కసారైనా విసుక్కోలేదు. క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని తర్వాతి మాట కోసం చూసేవారు.

శనివారం పొద్దుటికి నేను తీసిన ముక్కలన్నీ కలిపి అతుకులేశాను. నా చేతిలో పని చకచకా సాగింది. అరవై మూడు ముఖాలు, ఒక్కోటి మూడేసి సెకన్లు, మధ్య మధ్య పండితుడు. బ్యాండులో ఒక్కళ్ళని కూడా వదల్లేదు, పాలాయన కొడుకుని కూడా పెట్టాను. నన్ను నేనే మెచ్చుకుని, అత్తయ్యగారిని పిలిచి కూర్చోబెట్టి చూపించాను. ఆవిడ చిక్కుడుకాయలు గిల్లుతూ మొత్తం చూశారు.

"బాగుంది" అన్నారు. "అందరూ వచ్చి ఆయన బాగా వాయిస్తారని చెప్పారు. మరి ఆయన వాయించేది ఎప్పుడు?"

ఆవిడ లేచి కాయలు తీసుకుని వెళ్ళిపోయారు. నేను మొత్తం సరుకు మళ్ళీ మొదట్నుంచి పరిగెత్తించి వెతికాను. నలభై ఒక్క గంటల సరుకు. మధ్యాహ్నం దాటేదాకా వెతికితే, మామయ్యగారు ఆగకుండా వాయించిన అతి పెద్ద ముక్క నలభై ఎనిమిది సెకన్లు. అతుకులేసేటప్పుడు అందులో కూడా ముప్ఫై సెకన్ల మీద పండితుడి గొంతు వేసింది నేనే. సంగీతం మీద ఇన్ని గంటలు తీసి, ఒక్క పాట వినిపించలేకపోయాం. వంటాయన గురించి గంట చెప్పి, విస్తరి ఖాళీగా ఎత్తేసినట్టుంది మా నిర్వాకం. నిజం చెప్పాలంటే డైరెక్టరు కంటే నా తప్పే ఎక్కువ. అతను "కట్" అని నోటితో అన్నాడు, నేను వేలితో అన్నాను.

డైరెక్టరుకి ఫోన్ చేశాను. అతను స్నేహితుడి పెళ్ళికి పక్క ఊళ్ళో ఉన్నాడు, సోమవారం సాయంత్రం గాని రాడట.

"సోమవారం పొద్దున్నే పళ్ళు పీకేస్తున్నారు. నువ్వొచ్చి ఏం తీస్తావు?" అన్నాను.

"అయ్యో, అదే కదక్కా మన క్లైమాక్స్!" అన్నాడు. "పళ్ళు లేని నోటితో, క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని, వాయించలేక అలా చూస్తూ కూర్చుంటే! అబ్బ, ప్రైజు షాటక్కా అది. ఒక్క కన్నీటి చుక్క రాలితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దాయన పళ్ళు ఊడితే వీడికి ప్రైజట. నేను అతన్ని ఏమన్నానో ఇక్కడ రాయను. అన్నంతసేపూ మా ఆయన లేచి కిటికీలు మూశారు, అంతే చెబుతాను.

ఆదివారం పొద్దున పదింటికి నేనే కెమెరా స్టాండు మీద బిగించాను. పెళ్ళిళ్ళకి వాడే పాత కెమెరా. ఫ్యాను కట్టేశాను. కుక్కరు దించాను. పై వాటా వాళ్ళని టీవీ ఆపమని బతిమాలాను, పక్కింటావిడకి ఈసారి ఎవరూ ఆవిడ వైపు చూడరని ముందే చెప్పాను. మా ఆయన్ని ఊరికే బయటికి పంపేశాను, ఆయన దగ్గుతారు.

"మామయ్యగారూ, ఒక పాట. మొదట్నుంచి చివరి దాకా. నేను నోరెత్తను, వేలెత్తను" అన్నాను.

"ఏ పాటమ్మా?"

"మీకిష్టమైంది."

ఆయన నా వైపు వింతగా చూశారు. మొదటిసారి ముఖం వైపు చూశారు. "అది నెమ్మది పాటమ్మా. ఊరేగింపులో ఎవరూ దానికి అడుగు వెయ్యలేరు. ఎప్పుడు మొదలెట్టినా రెండు స్తంభాలు దాటనివ్వలేదు."

బ్యాండులో పాట పొడవుని నిమిషాల్లో చెప్పరట, కరెంటు స్తంభాల్లో చెబుతారట. హుషారు పాటైతే ఐదారు స్తంభాల దాకా నడుస్తుంది. ఈలోగా ఎవడో ఒకడు మార్చమని అరుస్తాడు, మాస్టరు ఈల వేస్తాడు, ఇంకో పాట అందుకోవాలి. నాకు అది తమాషాగా అనిపించి నవ్వాను. అందులో ఉన్న మెలిక నాకప్పుడు తట్టలేదు.

మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. నా చూపుడు వేలు కదిలింది. దాన్ని ఎడం చేత్తో పట్టుకుని వెనక్కి పెట్టాను. కాసేపటికి అది ఊరుకుంది. పల్లవి అయింది, చరణం అయింది. నెమ్మది పాటే, కానీ క్లారినెట్‌లో ఎవరో మన పక్కనే కూర్చుని చెబుతున్నట్టుంది. రోడ్డు మీద లారీల మధ్య విన్న ఆ గోల శబ్దమూ ఇదీ ఒకటేనా అనుకున్నాను. రెండో చరణం అయింది, మళ్ళీ పల్లవికొచ్చారు. మూడు నిమిషాలు దాటింది. ఇక అయిపోతుంది, గండం గట్టెక్కాను అనుకున్నాను.

ఆయన కళ్ళెత్తి నా వైపు చూశారు. కనుబొమలు కూడా పైకెత్తారు. పాటలో లీనమైపోయారు పాపం అనుకుని, బాగుందన్నట్టు తలూపాను. ఆయన మళ్ళీ చరణం ఎత్తుకున్నారు.

రెండో చుట్టు చివర మళ్ళీ చూశారు. ఈసారి ఇంకా గట్టిగా తలూపాను. మూడో చుట్టు మొదలైంది. అప్పటికి ఆయన నుదుటి మీంచి చెమట కారుతోంది. నా ముక్కు చివర దురద పుట్టింది, గోక్కుంటే చప్పుడవుతుందేమోనని భరించాను. మాటిచ్చాను కదా, ఆపకూడదు. నాలుగో చుట్టులో ఆయన చూసిన చూపులో కాస్త కంగారుంది. నేను కంగారుపడి మరీ తలూపాను. ఇద్దరం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ ఆ పాటని గానుగ తిప్పినట్టు తిప్పుతున్నాం. ఎందుకు తిప్పుతున్నామో ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు.

అప్పుడు అత్తయ్యగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు. కూర పొయ్యి మీద పెట్టొచ్చా లేదా అని అడగడానికి వచ్చారట. తడి చేతులతో అలాగే నిలబడిపోయారు.

ఐదో చుట్టు నుంచి మామయ్యగారు నా వైపు చూడటం మానేశారు. నా మీద ఆశ వదులుకున్నారనుకుంటాను. కళ్ళు మూసుకున్నారు. పాట అదే, కానీ ఇంతకుముందు లేనివి వచ్చి చేరాయి. ఒక మాట దగ్గర ఆగి, దాన్నే అటూ ఇటూ తిప్పి చూసుకుని, మళ్ళీ కదిలారు. ఒక చోట నవ్వించారు, నిజంగా నవ్వొచ్చింది నాకు. ఒక చోట శబ్దం ఎంత తగ్గించారంటే, గోడ గడియారం వినబడింది. ఊరేగింపులో అంత మెల్లగా వాయిస్తే పక్కన నడిచే డ్రమ్ము ఆయనకి కూడా వినబడదు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా ఏడ్చాను, చప్పుడు రాకుండా.

ఏడో చుట్టు పల్లవి చివరి మాట పట్టుకుని కిందికి, ఇంకా కిందికి దిగారు. క్లారినెట్‌లో అంత లోతైన స్వరం ఉందని నాకు తెలియదు. అక్కడ నిలబడ్డారు. ఊపిరి ఉన్నంతసేపు నిలబడి, ఆపారు. ఎవరూ ఆపమనలేదు, ఆయనే ఆపారు. ఇరవై ఆరు నిమిషాలు.

క్లారినెట్ దించి, చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, "ఏంటమ్మా, ఆపమనవేం?" అన్నారు రొప్పుతూ.

"మీరే ఆపుతారని చూస్తున్నానండీ! మధ్యలో ఆపకూడదని నేను..."

"నాకెలా తెలుస్తుంది? ముప్ఫై ఎనిమిదేళ్ళు ఎవరో ఒకరు ఆపారు. ఏ పాటనైనా చివరి దాకా నేనెప్పుడూ వాయించలేదమ్మా. సైగ చేస్తావేమోనని నీ వైపు చూస్తుంటే, నువ్వు కానీ, కానీ అని తల ఊపుతావు. ఇక దిక్కులేక చివర ఏదో నేనే కల్పించాను. తప్పయిందేమో, చూసుకో."

నేను నవ్వుతూ ముక్కు తుడుచుకుంటూ, తప్పు కాదని చెప్పబోయాను. గుమ్మం దగ్గర నుంచి అత్తయ్యగారు ముందుకొచ్చారు.

"మీకు ఇంత వచ్చని నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నారు. గొంతు కోపంగానే ఉంది.

"నాకు మాత్రం తెలుసా?" అన్నారు మామయ్యగారు.

ఆవిడ చీర కుచ్చిళ్ళకి చేతులు తుడుచుకున్నారు. చెప్పుల దుకాణం నుంచి తెచ్చిన పీట ఒకటి మంచం కింద ఉంటే, దాన్ని లాగి ఆయనకి ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. "నేను సగంలో వచ్చాను. మళ్ళీ మొదట్నుంచి వాయించండి" అన్నారు.

"పళ్ళు నొప్పెడుతున్నాయే."

"రేపు ఎలాగూ పీకేస్తారుగా. ఇంకా దాచుకుని ఏం చేస్తారు?"

నేను గబగబా కెమెరాలో బ్యాటరీ మార్చబోయాను. అత్తయ్యగారు నా వైపు తిరక్కుండానే, "అది కట్టేసి నువ్వెళ్ళి కూర సంగతి చూడమ్మా" అన్నారు. కెమెరా కట్టేశాను. వెళ్తూ తలుపు దగ్గరగా వేశాను.

సోమవారం పదింటికి పళ్ళు నాలుగూ పీకేశారు. సాయంత్రం డైరెక్టరొచ్చి ఇరవై ఆరు నిమిషాలూ చూసి, "ఒకే షాటా! కిటికీ ఏది? పండితుడేడి?" అని గుండెలు బాదుకున్నాడు. మూడు నిమిషాలకి కుదించమన్నాడు. కుదిస్తే ఈసారి ఊడేవి వేరేవాళ్ళ పళ్ళని చెప్పాను. పోటీకి అలాగే పంపాం. మొదటి బహుమతి ఎవరో వానలో తడుస్తూ కిటికీలోంచి చూసే సినిమాకి వెళ్ళింది, అందులో మన పండితుడు కూడా ఉన్నాడు. మాకు మెచ్చుకోలు పత్రం ఒకటి ఇచ్చారు. ఆ అరవై మూడు మందీ తమ ముఖం ఏదని నాకు ఫోన్లు చేశారు. డైరెక్టరు మాత్రం ఇప్పుడు, కదలని కెమెరా తన ఆలోచనేనని అందరికీ చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ.

మామయ్యగారికి కట్టుడు పళ్ళు పెట్టారు. రోజూ ఓ గంట సాధన చేస్తున్నారు. ప్రస్తుతానికి మరుగుతున్న నీళ్ళ చప్పుడు వస్తోంది, మధ్యలో రెండు మూడు స్వరాలు దొరుకుతున్నాయి. పాత శబ్దం వస్తుందో రాదో ఇంకా చెప్పలేం.

ఆ సినిమా చూసినవాళ్ళు దారిలో నన్ను ఆపి, ఆయన జీవితంలో అంత బాగా ఇంకెప్పుడైనా వాయించారా అని అడుగుతుంటారు. లేదండీ, అదే అన్నిటికంటే గొప్పది అంటాను. అది అబద్ధం. దానికంటే గొప్పది ఆ తర్వాత వాయించిందే. తలుపు అవతల చిక్కుడుకాయ కూర మాడబెట్టుకుంటూ నేను విన్నాను. అది ఏ కెమెరాలోనూ లేదు, మా అత్తయ్యగారి దగ్గరుంది.